మూడో వేసవికి కూడా డబ్బు కావాలి

(బరంపురంలో తెలుగువాళ్ల ఉగాది సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న అమ్మలకు, వెనక నిలబడి వింటున్న పిల్లలకు నమస్కారం. పొద్దున్నే ఎండ మొదలైంది, మర్యాదలు ఇంతటితో ఆపుతాను. ఈ జిల్లాలో తెలుగు చదువుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. బడిలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని, ఆ విషయం మీద నాకూ చెప్పాల్సింది చాలా ఉంది. కానీ అధ్యక్షుల వారు మన్నించాలి, నేను ఈరోజు నీళ్ల గురించే మాట్లాడతాను, ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రాలను మన ఊళ్లలో పరీక్షించడానికి ప్రభుత్వం ఎందుకు డబ్బివ్వాలో చెబుతాను. ఇంకో నెల పోతే మా వైపు నూతులు ఉప్పెక్కుతాయి. ఇంతమంది తెలుగువాళ్లు ఒకచోట కూర్చునేది ఏడాదికి ఒక్కసారి. ఇప్పుడు అడక్కపోతే మళ్లీ వచ్చే ఉగాదికే.

మాది బాహుదా సముద్రంలో కలిసే వైపు ఊరు. అవతల ఇచ్ఛాపురం, ఆంధ్ర. ఇవతల మనం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీత మన మధ్య నుంచి పోయింది, చుట్టరికాలు మాత్రం రెండు వైపులా ఉండిపోయాయి. మా ఆడపడుచు కవిటి కోడలు. వాళ్ల ఉద్దానంలో, అదే శ్రీకాకుళం తీరంలో, ఎంతోమందిని పట్టిన కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, నీళ్ల వల్లే అని నేనూ అనను. అయినా జనం మొదట భయపడింది నీళ్లకే. అందుకే 2023లో హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో అక్కడికి తెచ్చారు. మంచి పని చేశారు. ఆ పైపు రాష్ట్రం సరిహద్దు దాటి మా ఊరు రాదు.

మా అమ్మమ్మల కాలంలో మంచినీళ్లు ఇసకదిబ్బల్లోనే దొరికేవి. ఇసకలో మోచెయ్యంత లోతు తవ్వితే చెలమ ఊరేది, కొబ్బరి చిప్పతో తోడి బిందెలో పోసుకునేవారు. సముద్రం పక్కన తియ్యటి నీళ్లేమిటని పట్నం నుంచి వచ్చిన చుట్టాలు ఆశ్చర్యపోయేవారు. అందులో మాయ లేదు. వాన నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. ఇసకలోకి దిగిన వాన నీరు కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. దీనికి ఒక లెక్క ఉంది, పిల్లలూ, బాగా వినండి. మంచినీటి మట్టం సముద్ర మట్టం కన్నా ఒక్క మీటరు ఎత్తున ఉంటే, కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుంది. ఇప్పుడు ఇదే లెక్క తిప్పి చదవండి. పైన మట్టం ఒక్క మీటరు పడిపోతే, కింద నుంచి ఉప్పు 40 మీటర్లు పైకి వస్తుంది. చిప్పతో తోడుకున్నన్నాళ్లు ఏమీ కాలేదు. తరవాత మోటార్లు వచ్చాయి, రొయ్యల చెరువులు వచ్చాయి, ఇంటింటికీ బోరు వచ్చింది.

తాగే నీళ్లలో కరిగిన లవణాలు, అదే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని మన దేశపు ప్రమాణం. వేరే దారి లేకపోతే 2000 దాకా ఫరవాలేదంటుంది. మే నెలలో మా బోరింగుల దగ్గర నా మీటరు 2000 దాటడం నేను చూశాను. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కొనుక్కోగలిగినవాళ్లు డబ్బా నీళ్లు కొంటారు. కొనలేనివాళ్లు అవే తాగుతారు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మీలో ఎంతమందికి తెలుసో గానీ, ఉప్పునీటిని మంచినీరు చేసే పరిశోధన గురించి మన సుప్రీంకోర్టు కేంద్రానికి గట్టిగా చెప్పింది మన వంశధార కేసులోనే. వంశధార నీళ్ల మీద ఆంధ్రతో తగాదాలో 2006లో ఒడిశా ప్రభుత్వం వేసిన కేసు అది. తీర్పు 2009 ఫిబ్రవరి 6న వచ్చింది. ఆ తగాదా తేల్చడానికి ట్రిబ్యునల్ వేయమన్న సంగతి అందరికీ గుర్తుంది, ఎందుకంటే వంశధార మీద ఆంధ్ర కట్టాలనుకున్న నేరడి బ్యారేజీ గొడవ అందరికీ గుర్తుంది. అదే తీర్పులో జస్టిస్ మార్కండేయ కట్జూ విడిగా రాసిన భాగం ఎవరికీ గుర్తు లేదు. నీళ్లు పొందే హక్కు జీవించే హక్కులో భాగమని ఆయన రాశారు. శాస్త్రవేత్తలతో కమిటీ వేసి, ఉప్పునీటిని తక్కువ ఖర్చుతో మంచినీరు చేసే పద్ధతులు కనుక్కోండని చెప్పారు.  ఆ ఏడాదే కేంద్ర సైన్సు, టెక్నాలజీ శాఖ నీటి కోసం ఒక టెక్నాలజీ మిషన్ మొదలుపెట్టింది.

అమ్మలారా, అయ్యలారా, ఆ మిషన్‌కు దారి తీసిన మాట మొదట వచ్చింది మన నది కేసులోనే. గుణుపురం, కాశీనగరం పక్క నుంచి పారే మన నది. కాబట్టి ఈ సరిహద్దు జిల్లాల వాళ్లం చెయ్యి చాచి అడుక్కోవాల్సిన పని లేదు. హక్కుగా అడగవచ్చు.

ఏమి అడగాలి? యంత్రాలు ఇవ్వండి అనా? యంత్రం మా పక్క ఊరికి ఒకసారి వచ్చింది. ఆ కథ చెప్పకుండా నేను ముందుకు పోలేను.

అదొక ఆర్వో ప్లాంటు, అంటే నీళ్లను ఒత్తిడితో పల్చటి పొర గుండా నెట్టి ఉప్పు తీసే యంత్రం. రిబ్బను కత్తిరించిన రోజు ఊరంతా గ్లాసులు పట్టుకుని వరస కట్టింది. దాన్ని నడిపే పని మా చిన్నత్తకు అప్పగించారు. ఎనిమిదో తరగతి వరకూ చదివిన మనిషి. వాళ్లు ఒక పూట నేర్పించి వెళ్లిపోతే మిగతాది తనే నేర్చుకుంది. రోజూ పొద్దున ప్రెషరు ఎంత ఉంది, లోపలికి పోయే నీటి టీడీఎస్ ఎంత, బయటికి వచ్చేదాని టీడీఎస్ ఎంత, ఎన్ని బిందెలు పోశాం, కరెంటు ఎన్ని గంటలు పోయింది, ఇవన్నీ బడి పిల్లల నోటుబుక్కులో గీతలు గీసి రాసేది. వర్షాకాలంలో బోరు నీళ్లలో ఇనుప తుప్పు ఎక్కువై ఫిల్టరు ఎర్రబారిందని రాసింది. ఉప్పుగాలికి స్విచ్ బోర్డు తినేసిందని రాసింది. నాకు పీహెచ్‌డీలు చేసినవాళ్లు తెలుసు. అంత శ్రద్ధగా రాసిన పుస్తకం వాళ్ల దగ్గర కూడా చూడలేదు.

తరవాత తుపాను వచ్చింది. తుపాను పోయాక రోగాలు రాకూడదని సిబ్బంది వచ్చి నూతుల్లో, ట్యాంకుల్లో బ్లీచింగ్ పౌడరు కలిపారు. ప్లాంటు ట్యాంకులోనూ కలిపారు. వాళ్లది మంచి ఉద్దేశమే. కానీ ఆర్వోలో నీటిని వడకట్టే పల్చటి పొర పాలియమైడ్ అనే ప్లాస్టిక్. క్లోరిన్ తగిలితే ఆ పొర పాడైపోతుంది. ముందుండే కార్బన్ ఫిల్టరు అరిగిపోయి ఉంది, క్లోరిన్‌ను ఆపలేదు. కొన్నాళ్లకే బయటికి వచ్చే నీటి టీడీఎస్ పెరగడం మొదలైంది. చిన్నత్త ఆ అంకెలు కూడా రాసింది. పొర మార్చాలంటే డబ్బు కావాలి. ప్లాంటు పెట్టడానికి పద్దు ఉందట, నడపడానికి పద్దు లేదట. తాళం పడింది. ఇప్పటికీ ఉంది.

నాకు కోపం తాళం మీద కాదు. చిన్నత్త ఆ నోటుబుక్కు పట్టుకుని బస్సెక్కి ఆఫీసుకు వెళ్లింది. ఏం జరిగిందో ఇందులో ఉంది, చూడండి బాబూ అని అడిగింది. అక్కడున్నాయన నాలుగు పేజీలు తిప్పి, దీన్ని ఫైల్లో పెట్టడానికి ఫార్మాట్ లేదమ్మా అని తిరిగి ఇచ్చేశాడు. ఆ పుస్తకంలో ఉన్నది ఒక తీరప్రాంతపు ఊళ్లో, మన కరెంటుతో, మన తుపానుతో, మన తుప్పు నీళ్లతో ఆ యంత్రం ఎలా బతికిందీ, ఎందుకు ఆగిందీ అన్న సంగతి. దేశంలో ఏ ల్యాబులోనూ దొరకని సమాచారం. దాన్ని చూసేవాళ్లు లేరు.

పైలట్ పరీక్ష అంటే ఏమిటి మరి? ఇదే కదా! కొత్త పడవ కట్టి, ఒడ్డున పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకుంటే పడవ మంచిదో కాదో తెలియదు. అలల్లోకి తోయాలి. ల్యాబులో పని చేసిన యంత్రానికి ప్రభుత్వం డబ్బిచ్చి ఊళ్లోకి పంపేది ఎక్కడ పాడవుతుందో చూడటానికే. అది పాడైన రోజున డబ్బు ఆపేస్తే, సరిగ్గా నేర్చుకోవాల్సిన రోజున పుస్తకం మూసినట్టే.

ఈ రంగంలో ప్రభుత్వాల డబ్బు లేకుండా పెద్దగా ఏదీ రాలేదు. అమెరికాలో 1952లోనే ఉప్పునీటి కోసం చట్టం చేసి, పరిశోధనకు డబ్బు కేటాయించారు. మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ గారు, సిడ్నీ లోబ్ గారు కలిసి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనికొచ్చే మొదటి ఆర్వో పొరను తయారు చేశారు. ఆ పొరను ల్యాబులో దాచుకోలేదు. 1965లో కోలింగా అనే చిన్న ఊళ్లో పెట్టారు. ఒకప్పుడు రైలు ట్యాంకర్లలో తాగునీళ్లు తెచ్చుకున్న ఊరది. రోజుకు 5000 గ్యాలన్లు, అంటే 19 వేల లీటర్లు. మా చిన్నత్త ప్లాంటు లాంటిదే, పిల్లలూ! ఇప్పుడు కూడా అక్కడ 1996 చట్టం కింద పైలట్ పరీక్షలకు విడిగా డబ్బిస్తారు, ఫలితాల రిపోర్టులు అందరూ చదువుకునేలా పెడతారు. అలమొగోర్డో అనే చోట 2007లో ఒక పరీక్షా కేంద్రం తెరిచారు. అక్కడ రకరకాల ఉప్పదనం ఉన్న బోర్లు ఉన్నాయి. ఎవరి యంత్రాన్ని వాళ్లు తెచ్చుకుని అక్కడ నడిపి చూసుకోవచ్చు.

మన దేశం చేయలేదా? చేసింది. లక్షద్వీప్‌లో కవరత్తి దీవిలో 2005లో చెన్నై సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు రోజుకు లక్ష లీటర్ల ప్లాంటు పెట్టారు. సముద్రం లోతు నుంచి చల్లటి నీరు పైకి తెచ్చి, పైన ఉన్న వెచ్చటి నీటి ఆవిరిని దానితో చల్లార్చి మంచినీరు చేస్తారు. దాన్ని నడిపి, చూసి, నేర్చుకుని, ఆ తరవాత 2011లో మినికోయ్, అగట్టి దీవుల్లో పెట్టారు. పద్ధతంటే అది. ఆ యంత్రమే మనకు తెచ్చి పెట్టమని నేను అనను. దీవి పక్కనే లోతు ఉంటుంది, మన గోపాలపురం దగ్గర అంత లోతు కావాలంటే చాలా దూరం పోవాలి. అందుకే చెబుతున్నాను, మన తీరానికి ఏది పనికొస్తుందో మన తీరం మీదే పరీక్షించాలి.

మన బోర్లలో నీళ్లు సముద్రమంత ఉప్పు కాదు. సముద్రపు నీటిలో లవణాలు లీటరుకు 35 వేల మిల్లీగ్రాములు ఉంటాయి. దాన్ని పొర గుండా నెట్టాలంటే 55 నుంచి 70 బార్ల ఒత్తిడి కావాలి, వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. మన ఉప్పు బోర్లకు అందులో చిన్న వంతు చాలు. అది మన అదృష్టం. కానీ ఏ ప్లాంటు అయినా కొంత నీటిని ఉప్పుగా వదిలేస్తుంది. ఆ వదిలిన నీళ్లు ఎక్కడికి పోవాలి? సముద్రపు నీటి ప్లాంటయితే దాదాపు రెట్టింపు ఉప్పు బయటికి వస్తుంది. ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెట్టే ఒడ్డు మనది. అక్కడ చేతికొచ్చినట్టు పైపు పెట్టడానికి వీల్లేదు. హుమ్మలో ఉప్పు మళ్లు ఉన్నాయి, ఆ నీళ్లు వాటిలోకి పంపవచ్చా? ప్లాంటులో కలిపే మందులు ఉప్పులోకి దిగుతాయా? ఇవి పైలట్‌లో కొలవాల్సిన ప్రశ్నలు. ప్లాంటు కట్టేశాక అడిగే ప్రశ్నలు కావు.

గంట కొట్టారు, విన్నాను, అధ్యక్షా. ఇంకొంచెం సేపే.

మా కోరిక ఇది. పైలట్ డబ్బు మూడు వేసవులకు ఇవ్వండి. మొదటి వేసవి అన్నీ కొత్తవే, నడుస్తాయి. రెండోది సందేహం. మూడో వేసవికి తెలుస్తుంది అసలు సంగతి. పొరలకు, మందులకు, నడిపే మనిషి జీతానికి ముందే డబ్బు పక్కన పెట్టండి. ఆగిపోతే ఎందుకు ఆగిందో ఒడియాలో, తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించండి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పిస్తున్నారు కదా, ఆ ఐదుగురు రాసిన పుస్తకాన్ని లెక్కలోకి తీసుకోండి. ఫార్మాట్ లేదనకండి. ఫార్మాట్ చేయడం మీ పని.

ముందు వరసలో ఉన్న ప్రజాప్రతినిధులకు చెబుతున్నాను. మీరు మా ఊళ్లకు వస్తే మేం కుర్చీ వేస్తాం, కొబ్బరి నీళ్లిస్తాం. ఎందుకో తెలుసా బాబూ? మా నీళ్లు మీకివ్వడానికి మాకు సిగ్గు. ఈసారి వచ్చినప్పుడు బోరింగు నీళ్లే అడగండి.

కాలేజీ పిల్లలు చాలామంది వచ్చారు. ఇదే ఊళ్లో విశ్వవిద్యాలయం ఉంది, కేంద్రం నడిపే సైన్సు విద్యా సంస్థ ఐసర్ ఉంది, ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ప్రాజెక్టు కోసం ఇంటర్నెట్‌లో వెతుక్కోకండి. మా చిన్నత్త నోటుబుక్కులు నా దగ్గర ఉన్నాయి, ఈ సంచిలోనే తెచ్చాను. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లు ఇద్దరు కావాలి. ఒడియా తప్పుల్లేకుండా రాయగలిగినవాళ్లు ఒకరు కావాలి, ఎందుకంటే అర్జీ కలెక్టరు గారికి ఒడియాలోనే ఇవ్వాలి, ఢిల్లీకి వెళ్లేది ఇంగ్లీషులో ఉండాలి. తెలుగులో నేను రాశాను. ద్వారం దగ్గర బల్ల మీద పెట్టాను, పక్కనే పెన్ను ఉంది. సంతకం కింద మీ ఊరు పేరు, మీ నూతి నీళ్లు ఏ నెలలో ఉప్పెక్కుతాయో కూడా రాయండి. భోజనాలకు లేచే ముందే రాయండి, తిన్నాక మరిచిపోతారు.