షాక్ కొట్టకముందు ఆ పెట్టె చేసే పని

(కావలిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక ఫిజిక్స్ మాస్టారు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అమ్మలకు, తోటి పెన్షనర్లకు నమస్కారం.

గుండె గురించి మాట్లాడమని అడిగినప్పుడు డాక్టరును పిలవండి అన్నాను. "డాక్టరు చెప్పేది వేరు మాస్టారూ, మీ ఒంట్లో పెట్టుకున్నదాని గురించి మీరే చెప్పాలి" అన్నారు మనవాళ్ళు. అందుకని ఒప్పుకున్నాను.

నా ఎడమ భుజం దగ్గర, కాలర్ బోన్ కింద, చర్మం లోపల ఒక చిన్న పెట్టె ఉంది. ఐసీడీ అంటారు. దాన్నుంచి ఒక తీగ రక్తనాళం గుండా గుండె కుడివైపు కింది గదిలోకి వెళ్ళి ఆగుతుంది. చాలామంది దీన్ని పేస్‌మేకర్ అనుకుంటారు. పేస్‌మేకర్ నెమ్మదించిన గుండెను నడిపిస్తుంది. ఐసీడీ ఆ పని చేస్తూనే, అదుపు తప్పి పరుగెత్తే గుండెను దారికి తెస్తుంది కూడా. నాకు గుండెపోటు వచ్చి తగ్గాక కండరం మీద మచ్చ మిగిలింది. ఆ మచ్చ వల్ల గుండె ఒక్కోసారి ఉన్నట్టుండి నిమిషానికి 180, 200 సార్లు కొట్టుకుంటుంది. వెంట్రిక్యులర్ టాకికార్డియా, పొట్టిగా వీటీ. అది ముదిరి వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్, అంటే వీఎఫ్ అయితే గుండె కొట్టుకోవడం మాని వణుకుతుంది. నిమిషాల్లో ప్రాణం పోతుంది.

పెట్టె పెట్టిన ఆసుపత్రిలో నాకు చెప్పింది ఒక్కటే మాట: "అవసరమైతే షాక్ కొడుతుంది, భయపడకండి." అంతే. ఇంకేం చెప్పలేదు. ఏడు నెలల తర్వాత ఒక పొద్దున వాకిట్లో నిలబడి ఉండగా కొట్టింది. గేదె రొమ్ము మీద తన్నినట్టు అనిపించింది. కింద పడ్డాను. అది నా ప్రాణం కాపాడింది, కాదనను. కానీ ఆ రోజు నుంచి మెట్లెక్కాలంటే టెన్షన్, మనవడిని ఎత్తుకోవాలంటే టెన్షన్. తనకూ షాక్ తగులుతుందేమోనని నా భార్య నా పక్కన పడుకోవడానికి భయపడింది. ఆ సంగతి నాకు చెప్పలేక ఆమె ఎంత నలిగిపోయిందో తర్వాత తెలిసింది. అమ్మా, ఇక్కడ ఎవరింట్లోనైనా ఈ పెట్టె ఉన్నవాళ్ళుంటే వినండి: షాక్ కొట్టే క్షణంలో మీరు ఆయన్ను పట్టుకుని ఉన్నా మీకు ప్రమాదం లేదు. మహా అయితే కాస్త జివ్వుమంటుంది.

ఆ తర్వాత పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్ళాను, చెకప్‌కు. టెక్నీషియన్ కుర్రవాడు ఛాతీ మీద ఒక చిన్న పరికరం ఆనించి కంప్యూటర్ తెరిచాడు. ఆ పెట్టె తన డైరీ తానే రాసుకుంటుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంత వేగం, ఏం చేశాను అని. ఆ పిల్లవాడు తెర చూసి, "సార్, ఈ ఏడు నెలల్లో మీకు వీటీ పదకొండుసార్లు వచ్చింది. పదిసార్లు పేసింగ్‌తోనే ఆగిపోయింది. షాక్ ఒక్కసారే" అన్నాడు. నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. పదిసార్లు చావు వాకిటి దాకా వచ్చి వెనక్కి పోతే నాకు తెలియనే లేదు!

ఇవాళ నేను మాట్లాడాలనుకున్నది ఆ పదిసార్ల గురించే. షాక్ లేకుండానే పరుగును ఆపే ఆ పనిని యాంటీ టాకికార్డియా పేసింగ్, పొట్టిగా ఏటీపీ అంటారు.

ఎలా ఆపుతుందో చెబుతాను. మన మాగాణిలో కోత అయ్యాక కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టడం అందరూ చూసిందే. మడి మధ్యలో ఒకచోట నీళ్ళు నిలిచి తడిగా ఉందనుకోండి. నిప్పు దాని మీదుగా పోలేదు, చుట్టూ తిరిగి పోతుంది. కాలిన చోట మళ్ళీ కాలడానికి ఏమీ ఉండదు కనుక ఒక చుట్టుతో ఆరిపోతుంది. ఇప్పుడు కాలినచోట గడ్డి పావు సెకనులో మళ్ళీ మొలుస్తుందని ఊహించండి. అప్పుడు నిప్పు ఆగదు, ఆ తడి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. గుండెలో మచ్చే ఆ తడినేల. విద్యుత్తు దాని చుట్టూ తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ గుండెను ఒకసారి కొట్టిస్తుంది. అదే వీటీ.

దాన్ని ఆర్పడానికి మడి మొత్తం ముంచాల్సిన పని లేదు. నిప్పు వచ్చే దారిలో ముందే కాస్త గడ్డి తగలబెట్టేస్తే చాలు. మంట అక్కడికి వచ్చేసరికి కాలడానికి ఏమీ ఉండదు. ఆరిపోతుంది. ఏటీపీ చేసేది సరిగ్గా ఇదే. వీటీ కంటే కాస్త ఎక్కువ వేగంతో వరసగా చిన్న చిన్న విద్యుత్ దెబ్బలు, భజనలో తాళాల్లా, వేసి, మంటకంటే ముందు ఆ దారిలోకి దూరుతుంది.

నేను పాఠాలు చెప్పినవాణ్ణి, లెక్క చేయకుండా ఉండలేను. గుండె నిమిషానికి 180 సార్లు కొట్టుకుంటుంటే ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య సుమారు 333 మిల్లీసెకన్లు. పెట్టె అందులో 88 శాతం తీసుకుంటుంది అనుకుందాం, ఎక్కువగా వాడే అమరిక అదే. అంటే 293 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున ఎనిమిది తాళాలు. మొత్తం రెండున్నర సెకన్లు కూడా పట్టదు. ఎనిమిది ఎందుకు, ఒకటి చాలదా అని నేనూ అడిగాను. తీగ కొన ఉన్నది ఒకచోట, మచ్చ ఉన్నది ఇంకోచోట. మొదటి తాళాలు మధ్యలో దారి చేసుకోవడానికే సరిపోతాయి, తర్వాతివి లోపలికి చేరతాయి. తాళాల మధ్య దూరం సమానంగా ఉంచితే బర్స్ట్ అంటారు, ఒక్కొక్కటికీ దూరం తగ్గించుకుంటూ పోతే ర్యాంప్ అంటారు. ఎవరికి ఏది పెట్టాలో డాక్టరు చూసుకుంటారు.

ఈ తాళాలకు కావాల్సింది కొన్ని వోల్టులే. షాక్‌కైతే ఏడెనిమిది వందల వోల్టులు, 35 జౌల్స్ దాకా శక్తి. రెండింటికీ శక్తిలో తేడా లక్ష రెట్లకు పైమాటే. అందుకే ఒకటి గేదె తన్నినట్టుంటుంది, ఇంకొకటి నిద్ర కూడా చెడగొట్టదు. బ్యాటరీ కూడా మిగులుతుంది.

ఈ పెట్టె వెనక ఒక మనిషి బాధ ఉంది. మిషెల్ మిరోస్కీ వార్సాలో పుట్టిన డాక్టరు. 1966లో ఆయన గురువుగారు హ్యారీ హెల్లర్ ఇలాంటి గుండె పరుగుతోనే చనిపోయారు. మనిషి ఒంట్లోనే ఉండి కాపాడే యంత్రం కావాలని ఆయన పట్టుబట్టారు. చాలామంది పెద్ద డాక్టర్లు కుదరదన్నారు. 1980 ఫిబ్రవరిలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మొదటిసారి మనిషికి అమర్చారు. అప్పట్లో పెట్టెను పొట్టలో పెట్టేవారు, ఛాతీ కోయాల్సి వచ్చేది. అది షాక్ ఒక్కటే కొట్టగలిగేది. పేసింగ్‌తో ఆపే విద్య తర్వాతి తరాల పెట్టెల్లోకి వచ్చింది. వచ్చాక కూడా నెమ్మదైన వీటీకే పనికొస్తుందని, వేగమైనదానికి షాకే గతి అని అనుకునేవారు. 2004లో వచ్చిన పెయిన్‌ఫ్రీ ఆర్‌ఎక్స్ 2 అనే అధ్యయనం ఆ అభిప్రాయాన్ని మార్చింది. 634 మందిని చూశారు. నిమిషానికి 188 నుంచి 250 దాకా వేగమున్న వీటీల్లో కూడా పదింట ఏడు ఒక్క వరస పేసింగ్‌తోనే ఆగాయి.

మిగిలిన మూడింటి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినవాణ్ణవుతాను. కొద్దిమందిలో పేసింగ్ వల్ల పరుగు ఇంకా పెరుగుతుంది. అప్పుడు పెట్టె షాక్‌కు వెళుతుంది. వీఎఫ్‌కు మాత్రం పేసింగ్ పనిచేయదు, అక్కడ తిరిగే మంట ఒకటి కాదు, మడంతా చెల్లాచెదురుగా మండుతుంటుంది. షాక్ ఒక్కటే దారి. షాక్‌కు కావాల్సిన శక్తిని పోగుచేసే కెపాసిటర్ ఛార్జ్ కావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అది వీఎఫ్ కాక వేగమైన వీటీయే కావచ్చని ఇప్పటి పెట్టెలు చాలావరకు ఆ ఖాళీలో కూడా ఒక వరస పేసింగ్ ప్రయత్నిస్తాయి. గుండె దారికొస్తే షాక్ మానుకుంటాయి. చర్మం కిందే తీగ ఉండే రకం ఐసీడీ ఉంది, దానికి ఏటీపీ చేతకాదు. కొందరికి అదే మంచిది కావచ్చు, కానీ పెట్టించుకునే ముందే ఈ తేడా తెలియాలి.

ఇంకో మంచి మాట. 2012లో మాడిట్-రిట్ అనే అధ్యయనం వచ్చింది, 1,500 మందితో. పెట్టెను తొందరపడనివ్వకుండా, వేగం 200 దాటితేనో, కాస్త ఎక్కువసేపు చూసిన తర్వాతో వైద్యం మొదలుపెట్టేలా అమర్చారు. అనవసర వైద్యాలు బాగా తగ్గాయి, చావులూ తగ్గాయి. చాలా పరుగులు వాటంతటవే ఆగిపోతాయన్నమాట. కాబట్టి మీ డాక్టరును అడగండి: నా పెట్టెలో ఏటీపీ పెట్టారా, ఏ వేగం దగ్గర మొదలవుతుంది, ఎన్ని వరసల తర్వాత షాక్? అడగడం తప్పు కాదు. నేను ఏడు నెలలు అడగలేదు, ఆ భయమంతా అందుకే పడ్డాను.

మన ప్రాంతం కోసం ఒక్క జాగ్రత్త. అల్లూరు, విడవలూరు, బోగోలు వైపు రొయ్యల గుంటలున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు. ఏరియేటర్ మోటారు నుంచి నీళ్ళలోకి కరెంటు లీకైతే, మనకు తెలియనంత కొద్దిగా ఉన్నా, పెట్టె దాన్ని గుండె పరుగని పొరబడి షాక్ కొట్టే ప్రమాదం ఉంది. ఎర్తింగ్ సరిగా లేని గుంటలోకి దిగొద్దు. ఆర్క్ వెల్డింగ్ దగ్గర నిలబడొద్దు. సెల్‌ఫోన్ చొక్కా ఎడమ జేబులో వద్దు, అంతే. ఒక్క షాక్ కొట్టి మీరు బాగానే ఉంటే డాక్టరుకు ఫోన్ చేయండి. రెండోది కొట్టినా, కళ్ళు తిరిగినా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి, ఒక్క నిమిషం ఆగొద్దు.

పోయిన చెకప్‌లో తీసిన కాగితం ఒకటి తెచ్చాను. తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషాలు. ఎడమవైపు రంపం పళ్ళలా ఉన్నది వీటీ. మధ్యలో ఈ ఎనిమిది గీతలు పెట్టె వేసినవి. ఆ పక్కన మామూలు గుండె. ఆ వేళ నేను నిద్రలో ఉన్నాను, నా భార్య నా పక్కనే నిద్రలో ఉంది. కాగితం ముందు వరస నుంచి వెనక్కి పంపుతాను, అందరూ చూడండి.