కాఫ్కా పెట్టడం ఒక పూట పని, మిగతావాటితో కలపడమే అసలు పని

[తెర మీద: అమీర్‌పేట మెట్రో స్టేషన్, ఒక లైను దిగి ఇంకో లైనుకు పరిగెడుతున్న జనం]

నమస్తే అండీ. మియాపూర్ నుంచి రాయదుర్గం పోవాలంటే అమీర్‌పేటలో దిగి మారాల్సిందే కదా. రైళ్లు టైముకే వస్తాయి, తోపులాటంతా ఆ మారే మెట్ల దగ్గరే. కంపెనీల్లో ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు సంగతులు చేరవేసే కాఫ్కా అనే సాఫ్ట్‌వేర్ పరిస్థితీ అదే. కాఫ్కా తన పని తాను చేసుకుపోతుంది, టెన్షన్ అంతా దాన్ని డేటాబేసుకు, ఈఆర్‌పీకి (కంపెనీ లెక్కలు, సరుకు చూసుకునే సాఫ్ట్‌వేర్), సెర్చ్‌కు తగిలించే చోటే.

కాఫ్కా అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. లింక్డ్‌ఇన్‌లో పుట్టింది, 2011లో ఓపెన్ సోర్స్ అయింది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిది: వచ్చిన ప్రతి సంగతీ చివర రాసుకుంటూ పోవడమే, వెనక రాసింది దిద్దడం ఉండదు. చదివేవాళ్లు ఎవరి పేజీలో వాళ్లు వేలు పెట్టుకుని ఎవరి వేగంతో వాళ్లు చదువుకుంటారు. ఏమీ మార్చకపోతే 7 రోజుల రాత దాచి ఉంచుతుంది. ఇంతే, ముందుకెళ్దాం.

నేను మందుల షాపులకు సరుకు పంపే ఒక కంపెనీకి పనిచేశాను, ఆఫీసు మాదాపూర్‌లో. ఆర్డర్లు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో పడేవి, అవే బిల్లింగ్‌కు, గోడౌన్‌కు, సెర్చ్‌కు కూడా వెళ్లాలి. మొదట అందరూ చేసే పనే మేమూ చేశాం: యాప్ కోడ్‌లో డేటాబేస్‌కు రాసే లైను కింద కాఫ్కాకు పంపే లైను ఇంకొకటి తగిలించాం. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ మొదటి లైను నడిచాక, రెండో లైనుకు ముందు సర్వర్ పడిపోయిందనుకోండి, ఆర్డర్ డేటాబేస్‌లో ఉంటుంది, గోడౌన్‌కు మాత్రం కబురే వెళ్లదు. దీన్ని డ్యూయల్ రైట్ అంటారు. కోడ్‌లో ఎర్రర్ పట్టుకునే ట్రై, క్యాచ్‌లు ఎన్ని పెట్టినా ఈ సందు పూర్తిగా మూసుకోదు, కాబట్టి ఆ దారి మానేయండి.

[తెర మీద: పోస్ట్‌గ్రెస్ నుంచి కాఫ్కాకు ఒక బాణం, మధ్యలో డెబీజియం]

సరైన దారేంటంటే, పోస్ట్‌గ్రెస్ తన మార్పులన్నీ ఎలాగూ తన సొంత లాగ్‌లో రాసుకుంటుంది, దాన్నే వాల్ అంటారు. డెబీజియం అనే టూల్ ఆ వాల్ చదివి, మార్పు మార్పునూ కాఫ్కాలో పెడుతుంది. యాప్ కోడ్ ముట్టుకోనక్కర్లేదు. ఇది కాఫ్కాను బయటి సిస్టమ్‌లతో కలిపే కాఫ్కా కనెక్ట్ మీద నడుస్తుంది, అది 2015 నుంచి కాఫ్కాతో పాటే వస్తోంది. జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో సెట్టింగులు రాసి పంపితే కనెక్టర్, అంటే ఆ కలిపే ముక్క, లేస్తుంది. డెమోలో పది నిమిషాల పని. అందుకే డెమో చూసి మేనేజర్‌కు డేట్ చెప్పకండి.

ఎందుకో ఒక ఉదాహరణ. ఒక మందు ధర 499 రూపాయలు, కాలమ్ న్యూమరిక్, పాయింట్ తర్వాత రెండు అంకెలు. కాఫ్కాలోకి వచ్చిన మెసేజ్ తెరిచి చూస్తే ధర దగ్గర అంకెలే లేవు, ఏ, ఎం, ఎల్, ఎస్ అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు! మా జూనియర్ "అన్నా, డేటా కరప్ట్ అయింది" అని పరిగెత్తుకొచ్చాడు. కరప్ట్ కాలేదు. పైసల్లో తేడా రాకూడదని డెబీజియం 49900ని బైట్లుగా మార్చి పంపుతుంది, జేసన్‌లో అది బేస్64 రూపంలో, అంటే బైట్లను అక్షరాలుగా రాసే పద్ధతిలో, అలా కనిపిస్తుంది. డెబీజియంలో డెసిమల్ హ్యాండ్లింగ్ మోడ్ అనే సెట్టింగును స్ట్రింగ్, అంటే మామూలు టెక్స్ట్, చేస్తే 499.00 అని మామూలుగా వస్తుంది. డబుల్ (పాయింట్ తర్వాతి అంకెలను సుమారుగా ఉంచే రకం) పెట్టుకోవచ్చని కొందరంటారు, డబ్బు లెక్కల దగ్గర నేనైతే పెట్టను.

ఇక అసలు దెబ్బ. ఎవరో ప్రిస్క్రిప్షన్ ఫోటోను టెక్స్ట్‌గా మార్చి ఆర్డర్ టేబుల్‌లోనే పడేశారు. కాఫ్కాలో ఒక మెసేజ్‌కు మామూలుగా ఉండే హద్దు సుమారు 1 ఎంబీ, ఆ ఫోటో అది దాటింది, కనెక్టర్ ఆగిపోయింది. మా డ్యాష్‌బోర్డులో మాత్రం పచ్చ లైటే! ఎందుకంటే కనెక్టర్ స్టేటస్ ఒకటి, దాని కింద పనిచేసే టాస్క్ స్టేటస్ ఇంకొకటి. పైది రన్నింగ్ అనే చెబుతుంది, కింద టాస్క్ ఫెయిల్ అయి పడుంటుంది. మేము చూసింది పైదాన్నే.

ఆగితే ఆగింది, రిపోర్టులు లేటవుతాయి అంతేగా అనుకుంటారు. కాదు. డెబీజియం కోసం పోస్ట్‌గ్రెస్‌లో రిప్లికేషన్ స్లాట్ అని ఒకటి ఉంటుంది, "ఈయన ఇంకా చదవలేదు, పారేయకండి" అని చెప్పే చీటీ అనుకోండి. చదివేవాడు రాడు, పోస్ట్‌గ్రెస్ పాత వాల్ పారేయదు, ఫైళ్లు పేరుకుంటూనే ఉంటాయి. శనివారం రాత్రి డిస్క్ నిండి డేటాబేసే కూర్చుండిపోయింది. గొడవ పక్కన తగిలించిన టూల్‌ది, పడిపోయింది మాత్రం ఆర్డర్లు తీసుకునే యాప్!

కాబట్టి అలారం టాస్క్ స్టేటస్ మీద పెట్టండి, స్లాట్ వెనక ఎంత వాల్ పేరుకుందో దాని మీద ఇంకొకటి పెట్టండి. పోస్ట్‌గ్రెస్ 13వ వెర్షన్ నుంచి స్లాట్ కోసం దాచే వాల్‌కు హద్దు పెట్టుకోవచ్చు, మామూలుగా అయితే హద్దే లేదు. ఆ హద్దు దాటితే స్లాట్ చెడిపోయి మొత్తం డేటా మళ్లీ మొదటి నుంచి లాగాల్సి వస్తుంది, అయినా డేటాబేస్ బతికి ఉంటుంది, నాకు అదే మేలు. ఫోటోలంటారా, వాటిని ఫైల్ స్టోరేజీలో పెట్టి టేబుల్‌లో లింకు ఉంచండి.

స్కీమా రిజిస్ట్రీ గురించి కూడా ఒక మాట. ఏ మెసేజ్‌లో ఏ ఫీల్డులు ఉంటాయో రాసిన ఒప్పందం అది. ఆవ్రో అనే మెసేజ్ ఫార్మాట్‌లో డిఫాల్ట్ విలువ లేకుండా కొత్త ఫీల్డు తెస్తే మామూలు సెట్టింగులో రిజిస్ట్రీ ఒప్పుకోదు. విసుగొస్తుంది, తీసేయాలనిపిస్తుంది, తీయకండి. ఊరంతా ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఒక్క టీమ్ ఫీల్డు పేరు మార్చినా, చదివే టీములన్నీ అర్ధరాత్రి లేవాలి.

[తెర మీద: ఒకే ఆర్డర్ నంబరుతో రెండు బిల్లులు]

అవతలి ఒడ్డు, అంటే బిల్లింగ్ వైపు. కాఫ్కా నుంచి చదివి అవతల రాసే ముక్క, అంటే సింక్, మధ్యలో ఆగి మళ్లీ లేస్తే చివర చదివిన కొన్ని మెసేజ్‌లు రెండోసారి చదవొచ్చు. మా అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేసి "బాబూ, కోఠి షాపుకు ఒకే ఆర్డర్‌కు రెండు బిల్లులు ఎందుకెళ్లాయి?" అని అడిగేదాకా మాకు ఆ సంగతే తట్టలేదు. డూప్లికేట్లు రాకుండా ఆపాలని రెండు వారాలు కొట్టుకున్నాం, చివరికి వచ్చినా నష్టం లేకుండా చేసుకున్నాం. ఆర్డర్ నంబర్‌ను యూనిక్ కీ చేసి, ఉంటే అప్‌డేట్, లేకపోతే ఇన్సర్ట్. రెండుసార్లు వచ్చినా బిల్లు ఒక్కటే. ఎస్ఎంఎస్ దగ్గర ఇది కుదరదు, పంపింది వెనక్కి తీసుకోలేం కదా. అందుకని పంపిన ఆర్డర్ నంబర్లకు ఒక చిన్న టేబుల్ పెట్టి, పంపే ముందు అందులో చూస్తున్నాం. పంపాక, టేబుల్‌లో రాసేలోపు సర్వర్ పడిపోతే మాత్రం ఎప్పుడో ఒక షాపాయనకు రెండు మెసేజ్‌లు వెళ్తాయి. అది మేడమ్‌కు ముందే చెప్పి ఒప్పించుకున్నాం.