ఓరుగల్లు నుంచి బీదర్ దాకా

శ్రోతలకు నమస్కారం. మన వరంగల్, హనుమకొండ వాళ్ళం సెలవులొస్తే చార్మినార్, గోల్కొండ చూసి ఇంటిదారి పడతాం. ఇంకాస్త ముందుకు పోయి సంగారెడ్డి, జహీరాబాద్ దాటితే బీదర్ వస్తుంది. ఇప్పుడది కర్ణాటకే గానీ 1948 దాకా మనతోపాటు నిజాం ఏలుబడిలో ఉన్న ఊరు, 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే.

అంతకు ముందు లెక్కలు కూడా ఉన్నాయి. 1425 ప్రాంతంలో ఓరుగల్లును గెలుచుకున్న బహమనీ సుల్తాను అహ్మద్ షానే రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చాడు.

ఊళ్ళో ముందు చూడాల్సింది మహమూద్ గవాన్ మదరసా. 1472లో పూర్తయింది. ఇరాన్‌లోని గిలాన్ నుంచి వ్యాపారం మీద వచ్చి, ప్రధానమంత్రి దాకా ఎదిగిన మనిషి కట్టించిన కాలేజీ, హాస్టల్ అన్నమాట. మూడంతస్తులు, ముందర రెండు మినార్లు. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ఔరంగజేబు కాలంలో లోపల నిల్వచేసిన మందుగుండు పేలి రెండోది పోయింది. చదువులమ్మ ఇంట్లో మందుగుండు దాచిన తెలివిని ఏమనాలో! గవాన్ గతి కూడా బాగాలేదు. గిట్టనివాళ్ళు దొంగ ఉత్తరం పుట్టిస్తే, సుల్తాను అది నమ్మి 1481లో తల తీయించాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకే రాజ్యం ముక్కలైంది. మన గోల్కొండ అందులో ఒక ముక్కే.

కోటలో రంగీన్ మహల్‌కు మేం వెళ్ళినప్పుడు తాళం ఉంది. సిబ్బందిని బతిమాలితే తీశారు. మీరూ అడగండి, వదలొద్దు. నల్లరాతిలో ముత్యపుచిప్ప ముక్కలను తీగలు తీగలుగా పొదిగారు. వేయిస్తంభాల గుడి శిల్పి రాయిని నున్నగా సానబట్టి, ఆ రాతిలోంచే నగిషీ తీశాడు. ఇక్కడివాడు రాయిని తొలిచి ఆ గాడిలో వేరే మెరుపును కూర్చాడు. నా ఓటు మన స్తంభాలకే. అయినా ఆ గుమ్మం ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

పొదిగే పనే ఊళ్ళో బిద్రీ అనే నల్ల లోహపు సామాన్ల కార్ఖానాల్లో ఇప్పటికీ నడుస్తోంది. జింకులో కొంచెం రాగి కలిపి పోత పోస్తారు. మైలుతుత్తం పూసి పైపైన నల్లబరిచి, దానిమీద పువ్వులు గీసి ఉలితో చెక్కుతారు. ఆ గాట్లలో వెండి తీగ పెట్టి సుత్తితో కొడతారు. నునుపు చేశాక చూస్తే లోహమూ వెండీ దాదాపు ఒకే రంగు, పువ్వు ఎక్కడుందో పోల్చుకోలేం. అసలు పని అప్పుడే. కోటలో ఎండావానా సోకని చోట తవ్విన మట్టిని నవాసారం అనే ఉప్పుతో నీళ్ళలో మరిగించి, సరుకును అందులో వేస్తారు. లోహం కాటుకలా నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. మట్టి పనికొస్తుందో లేదో తెలియాలంటే నాలుకకు తగిలించి చూస్తారట!

ఇక మిగిలింది ఊరి బయట అష్టూరు. బీదర్ నుంచి ఏలిన బహమనీ సుల్తానుల సమాధులు వరసగా అక్కడే. అహ్మద్ షా సమాధిలో గోడలూ గుమ్మటమూ నిండా ఎరుపు, బంగారు రంగుల చిత్రాలు. ఆ సుల్తానును ముస్లింలు వలీ, అంటే మహాత్ముడు అంటారు, లింగాయతులు తమ గురువు అల్లమప్రభువుగా కొలుస్తారు. ఏటా జరిగే ఉర్సుకు ఇద్దరూ వస్తారు. లోపల వెలుతురు తక్కువ. టార్చిలైటు తీసుకెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి. సాయంత్రం బస్సు టెన్షన్ పెట్టుకుని వెళ్తే ఆ పైకప్పు వైపు తల ఎత్తే తీరిక కూడా ఉండదు.