పంటికి ఎంత తెలుసు, ఎముకకు ఎంత తెలుసు
(ఒంగోలులో సైన్సు ఉపాధ్యాయుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పంటిని చూసి పశువు వయసు చెప్పే విద్యను ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా నేర్పనక్కర్లేదు. బండలాగుడు పోటీల కరపత్రాల్లో పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని వరుసగా అచ్చువేస్తారు. గిత్త మూతి తెరిచి, కింది దవడ ముందుపళ్లు చూసి, ఏ విభాగంలో దిగాలో అక్కడికక్కడే తేలుస్తారు. రెండేళ్లు దాటాక మొదటి జత పాలపళ్లు ఊడి శాశ్వత దంతాలు వస్తాయి. మిగిలినవి జతజతగా మారుతూ సుమారు ఐదో ఏటికి ఎనిమిదీ పూర్తవుతాయి. ఆ తరువాత పళ్ల లెక్క వయసు చెప్పదు, అరుగుదలను బట్టి అంచనా కట్టాల్సిందే. శిలాజాలను చదివేవారికి కూడా ఇదే చిక్కు. శిలాజంలోని ప్రతి భాగమూ ఆ జంతువు జీవితంలో ఏదో ఒక కాలాన్ని మాత్రమే నమోదు చేస్తుంది. దానికి తెలియని సంగతి అడిగితే అది తప్పుడు సాక్ష్యం చెబుతుంది. నేను ఈ రోజు చెప్పదలచినది ఇదే.

ముందుగా తిండి సంగతి. పంటి ఆకారాన్ని చూసి ఇది మాంసాహారి, ఇది శాకాహారి అని చెప్పడం పాఠ్యపుస్తకాలన్నీ చేసే పని. అందులో అబద్ధం లేదు గాని, ఆకారం ఆ ఒక్క జంతువు గురించి చెప్పేది తక్కువ, దాని పూర్వీకులు లక్షల ఏళ్లపాటు ఏం తిన్నారో చెప్పేది ఎక్కువ. ఆ జంతువు స్వయంగా ఏం నమిలిందో తెలియాలంటే పంటి పైతలాన్ని సూక్ష్మదర్శిని కింద చూడాలి. గట్టి గింజలు కొరికితే గుంటలు పడతాయి. ఇసుకరేణువులు అంటిన గడ్డి మేస్తే సన్నని సమాంతర గీతలు పడతాయి. అయితే కొత్త గీతలు పడినకొద్దీ పాతవి అరిగిపోతాయి కనుక, మనకు కనిపించేది చావుకు ముందు కొద్ది రోజుల, మహా అయితే కొద్ది వారాల మేత. కరువులో చచ్చిన జంతువు పంటిని చూసి అది జీవితమంతా బెరడు తిన్నదని రాస్తే, అది శాస్త్రం కాదు.

ఇంతకన్నా ఎక్కువ కాలాన్ని దాచుకునేది ఎనామెల్, అంటే పంటి మీది గట్టి తెల్లని పొర. పన్ను దవడ లోపల రూపుదిద్దుకునే నెలల్లో తిన్న తిండిలోని కార్బన్ ఆ పొరలో చేరుతుంది. ఒకసారి గట్టిపడ్డాక అది మళ్లీ మారదు. మొక్కలన్నీ గాలిలోని కార్బన్‌ను ఒకే విధంగా తీసుకోవు. వరి, పప్పుధాన్యాలు, దాదాపు చెట్లన్నీ సి-3 తరగతికి చెందినవి. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, ఎండప్రాంతాల గడ్డి చాలావరకు సి-4 తరగతివి. బరువైన కార్బన్-13 పాలు ఒక ప్రమాణంతో పోలిస్తే మొదటి తరగతి మొక్కల్లో సగటున వెయ్యికి 27 వంతులు తక్కువగా, రెండో తరగతిలో 13 వంతులు తక్కువగా ఉంటుంది. ఈ తేడా తిన్న జంతువు పంటిలోకి వస్తుంది. శివాలిక్ కొండల్లో దొరికిన గుర్రాలు మొదలైన జంతువుల పళ్లలో సుమారు 80 లక్షల నుంచి 60 లక్షల ఏళ్ల కిందటి మధ్యకాలంలో ఈ అంకె సి-3 వైపు నుంచి సి-4 వైపుకు జరగడం స్పష్టంగా కనిపిస్తుంది; అంటే అక్కడ చెట్లూ పొదలూ వెనక్కి తగ్గి, గడ్డి మైదానాలు పరచుకున్నాయన్నమాట. పన్ను కొన నుంచి చిగురు దాకా వరుసగా నమూనాలు గీకి తీస్తే, వానకాలపు మేత, ఎండకాలపు మేత వేరువేరుగా కూడా తెలుస్తాయి.

మన జిల్లా సంగతికి వస్తాను. ప్రకాశం జిల్లాలో 41,000 ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు బయటపడిందని 2024లో వడోదరలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. మీటరు వెడల్పు, మీటరున్నర పొడవున్న స్థలంలోనే సుమారు 3,500 పెంకు ముక్కలు దొరికాయి. ఈ నేల మీద నిప్పుకోళ్లు గుడ్లు పెట్టేవని వింటే మనకు వింతగా ఉంటుంది గాని, నా దృష్టిలో అంతకన్నా విలువైనది ఆ పెంకే. గుడ్డు పెంకులోని కార్బన్, తల్లి అంతకు ముందు కొద్ది రోజుల్లో తిన్న తిండి నుంచి వస్తుంది. పన్ను నెలల లెక్క చెబితే, పెంకు రోజుల లెక్క చెబుతుంది. అదీ గుడ్లు పెట్టే రుతువులోని రోజులు మాత్రమే.

ఒంగోలు ప్రాంతంలోనే వేమవరం పలకరాళ్లలో డైనోసార్లు తిరిగిన చివరి యుగమైన క్రెటేషియస్ కాలపు తొలిభాగానికి చెందిన ఆకుల ముద్రలున్నాయి. ఈత చెట్టులా కనిపించే సైకాడ్‌లను పోలిన మొక్కలు, ఫెర్న్‌లు, పైన్ వంటి శంకుధారులు వాటిలో కనిపిస్తాయి. శిలాజ మొక్కల శాస్త్రవేత్త ఫైస్ట్‌మాంటెల్ 1879లోనే వాటిని వర్ణించాడు. ఆ ఆకులను చూసి, ఆ కాలపు డైనోసార్లు ఇవే మేశాయని చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. మేత ఉండటం వేరు, మేసినట్టు రుజువు ఉండటం వేరు.

మేసిన రుజువు మలశిలాజంలో దొరుకుతుంది. మహారాష్ట్రలోని పిస్దురాలో డైనోసార్ల అంతిమ దశ నాటి పేడ ముద్దలు రాళ్లుగా మారి దొరికాయి. మొక్కల కణాల్లో పేరుకునే సిలికా రేణువులు జీర్ణం కావు, కుళ్లవు. వాటి ఆకారాన్ని బట్టి మొక్క జాతిని గుర్తించవచ్చు. వందనా ప్రసాద్, కారొలైన్ స్ట్రోంబర్గ్, అశోక్ సాహ్ని తదితరులు 2005లో ఆ ముద్దల్లో కనీసం ఐదు రకాల గడ్డిజాతుల రేణువులున్నాయని చూపారు. అంతవరకు గడ్డి డైనోసార్ల తరువాతే విస్తరించిందని అందరూ అనుకునేవారు. 2011లో వరి తెగకు చెందిన రేణువులు కూడా ఉన్నాయని అదే బృందం ప్రకటించింది; నెల్లూరు మొలగొలుకులకు ఇంత పాత చుట్టాలున్నారని ఎవరనుకున్నారు! అయితే ఆ ముద్దల్లో గడ్డితోపాటు శంకుధారులు, తాటిజాతి చెట్లు, ఇతర మొక్కలూ ఉన్నాయి. గడ్డి అందులో ఒక వంతు మాత్రమే. పైగా ఒక పేడ ముద్ద ఒకటి రెండు రోజుల మేతకు మించి చెప్పదు. ఆ ముద్ద ఫలానా జంతువుదేనని అనడానికి కూడా, అవే పొరల్లో దొరికిన టైటనోసార్ అనే పొడవు మెడ శాకాహార డైనోసార్ ఎముకలే ఆధారం.

ఇక పెరుగుదల. ఇక్కడ పంటి కన్నా ఎముక మేలైన సాక్షి. తొడ ఎముకను రెసిన్‌లో పాతి, వజ్రపు పొడి అంచున్న రంపంతో అడ్డంగా కోసి, ఆ ముక్కను గాజు పలకకు అతికించి, వెలుతురు అవతలికి పోయేంత పలుచగా అరగదీస్తారు. కాంతిలో చూస్తే, వేగంగా పెరిగిన కాలంలో ఏర్పడ్డ ఎముకలో రక్తనాళాల దారులు కిక్కిరిసి ఉంటాయి. పెరుగుదల ఆగిన ప్రతి రుతువుకూ ఒక సన్నని గీత పడుతుంది. గీతలు లెక్కిస్తే ఏళ్లు, రెండు గీతల మధ్య దూరం కొలిస్తే ఆ ఏటి పెరుగుదల తెలుస్తాయి. ఇలాంటి లెక్కలతోనే 2004లో ఎరిక్‌సన్ బృందం, టిరానోసారస్ పదిహేను, పదహారేళ్ల ప్రాయంలో రోజుకు రెండు కిలోలకు పైగా బరువు పెరిగిందని అంచనా కట్టింది. తరువాతి వారు ఆ లెక్కను సవరిస్తూ వచ్చారు. సవరణకు ఒక కారణం ఎముక స్వభావంలోనే ఉంది. మూలుగ గది పెద్దదయ్యేకొద్దీ లోపలి పాత గీతలు చెరిగిపోతాయి. కనుక పెద్ద జంతువు ఎముక తన బాల్యాన్ని చెప్పలేదు. చిన్న వయసువి, నడిప్రాయంవి, ముదిరినవి పక్కపక్కన పెట్టి, చెరిగిన గీతలను పూరించుకోవాలి. ఒక్క అస్థిపంజరంతో తేల్చిన వయసును నేను అంత త్వరగా నమ్మను.

మరో అపోహ కూడా ఉండేది. ఇలాంటి గీతలు చల్లని రక్తపు జంతువుల్లోనే పడతాయని, కాబట్టి డైనోసార్లు సరీసృపాల వంటివేనని కొందరు వాదించారు. 2012లో మైకే కోలర్, ఆమె సహచరులు ఉష్ణమండలం నుంచి ధ్రువప్రాంతం దాకా 41 జాతుల అడవి నెమరు జంతువుల ఎముకలను కోసి చూశారు; వెచ్చని రక్తం గల వాటన్నిటిలోనూ ఏటా గీత పడుతూనే ఉంది. మంచు కురవని మనలాంటి చోట్ల కూడా, మేత తగ్గి పెరుగుదల నిలిచే ఎండాకాలం గీత వేస్తుంది.

బల్ల మీద ఉన్న సూక్ష్మదర్శినిలో వయసు మళ్లిన ఎద్దు కాలి ఎముక పలుచని ముక్క పెట్టాను. లోపలి నుంచి బయటికి చూస్తూ రండి. వెలుపలి అంచు దగ్గర గీతలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పెరుగుదల ముగిసిన తరువాత పడినవి అవే. మూలుగ పక్కన కొంత మేర గీతలే కనిపించవు. పాలపళ్ల విభాగంలో కట్టదగిన వయసు అక్కడ ఉండేది. ప్రశ్నలు అక్కడే అడగవచ్చు.