ఇస్పేటు నాలుగు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ ఉక్కపోతలో ఆమదాలవలస నుంచి కూడా బస్సెక్కి శ్రీకాకుళం వచ్చిన మిత్రులకు నమస్కారం. అక్టోబరు 1 వయోవృద్ధుల దినం కనుక మలివయసులో మనోబలం గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. నాకున్న కాస్త మనోబలాన్నీ నేను బ్రిడ్జి అనే పేకాట బల్ల దగ్గర సంపాదించాను, పోగొట్టుకున్నదీ అక్కడే. అందుచేత ఆ ఆట గురించే చెబుతాను.

ముందు వరుసలో ఇద్దరు నవ్వుకున్నారు. వారి తప్పు లేదు. మన జిల్లాలో పేకాట అంటే జీడితోటలో చాప, పందెం, పోలీసులు, మర్నాడు పత్రికలో ఫోటో. మా అమ్మాయి పెళ్లిచూపుల నాడు నా భార్య పేకను బియ్యం డబ్బాలో దాచింది. మేము ఏనాడూ పైసా పందెం కాయలేదు. 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని చెబుతూ, అందులోని అదృష్టం పాలు బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పటి అదృష్టం వంటిదేనని పోల్చింది. 2018 ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ జోడీ ఈ ఆటలో మన దేశానికి స్వర్ణం తెచ్చినప్పుడు వారి వయసులు 60, 56. ఈ మాట చెప్పినా మా వీధిలో నమ్మినవారు లేరు.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జోడీ. తలా 13 ముక్కలు చూసుకొని, ఎన్ని పట్లు తేగలమో ముందుగా వేలంలా పాట పాడాలి. నలుగురూ తలా ఒక ముక్క వేసిన చుట్టును గెలిస్తే అది ఒక పట్టు. ఆ పాటలోని మాటలు తప్ప జోడీదారుతో మరో మాట గానీ, కనుసైగ గానీ కూడదు. పాట దక్కించుకున్నవాడి జోడీదారు తన ముక్కలన్నీ బల్ల మీద పరిచి ఊరుకోవాలి. అతడినే డమ్మీ అంటారు. తన ముక్కలను మరొకరు ఆడుతుంటే, తప్పు కళ్లెదుట కనబడుతున్నా నోరు మెదపకుండా కూర్చోవడం, నలభై ఏళ్లు తరగతి గదిలో అధికారం చేసిన నావంటివాడికి ఎంత కఠినమైన సాధనో మీరు ఊహించగలరు.

ఇటువంటి ఆటలు మతిమరుపును ఆపుతాయా అని అడుగుతారు. అమెరికాలో 75 ఏళ్లు పైబడిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి, చదవడం, బల్లమీద ఆడే ఆటలు, వాద్యం వాయించడం వంటి అలవాట్లున్నవారిలో మతి క్షీణించడం తక్కువగా ఉందని 2003లో ప్రకటించారు. ఆటవల్ల బుద్ధి నిలిచిందో, బుద్ధి నిలిచినవారే ఆడగలిగారో నాకైతే అనుమానమే. బుద్ధి సంగతి అలా ఉంచి, కోపం సంగతి చెబుతాను.

1929లో అమెరికాలోని కాన్సస్ సిటీలో బెన్నెట్ దంపతులు జోడీగా ఆడారు. భర్త ఇస్పేటు నాలుగు, అంటే ఇస్పేటును మిగతా రంగులను కొట్టే తురుపుగా పెట్టుకొని పది పట్లు తెస్తానన్న పాట, ఆడి ఓడిపోయాడు. మాటామాటా పెరిగింది, అతడు ఆమెను కొట్టాడు, ఆమె తుపాకీ తెచ్చి కాల్చి చంపింది. తరువాత న్యాయస్థానం ఆమెను నిర్దోషిగా వదిలిపెట్టింది. ఈ కథ చెప్పి నేను చాలాసార్లు నవ్వించాను. ఒకనాడు మా బల్ల మీదకూ ఇస్పేటు నాలుగే వచ్చింది.

నా జోడీదారు రెవిన్యూ గుమాస్తాగా పనిచేసి దిగినవారు. ఇరవై రెండేళ్లు నా ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు ఆయన అవతలివారి తురుపులు ముందే లాగేయకుండా ఆడి, పది పట్లకు తొమ్మిదే తెచ్చారు. డమ్మీగా బిగపట్టిన నోరు ఆట ముగియగానే తెరిచాను. పదిమంది ముందు, ఐదో తరగతి పిల్లవాడిని అన్నట్టు అన్నాను. ఆయన పేక సర్ది, “అలాగే మాస్టారూ, నాకు తోచనేదు” అన్నారు. మరి రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ముక్కలన్నీ జ్ఞాపకం మీద మళ్లీ పరిచాను. అవతలివారి చేతిలోని ఐదు తురుపులు ఒకరి దగ్గర నాలుగు, మరొకరి దగ్గర ఒకటి ఉన్నాయి. నూటికి 28 సార్లు అలా పడుతుంది. నేను చెప్పినట్టు లాగి ఉంటే ఎనిమిదే వచ్చేవి. ఆయన ఒక పట్టు కాపాడారు. ఆ మాట చెప్పడానికి మర్నాడు వెళ్లవలసింది. వెళ్లలేదు. నాగావళి వంతెన దాటితే ఆయన ఇల్లు. అయ్యా, నడిచినా అరగంట! ఎనిమిది నెలల తరువాత వెళ్లాను, పదకొండో రోజు భోజనానికి.

నలుగురు లేనిదే సాగని ఆట కనుక, ఒకరు లేచిపోయేసరికి మిగిలిన ఇద్దరి సాయంత్రాలు కూడా పోయాయి. ఒకరు టీవీ ముందు కూర్చున్నారు, ఒకరు కొడుకు దగ్గరికి విశాఖపట్నం వెళ్లిపోయారు. వారికి నేను చెప్పుకోవలసిన సంజాయిషీ ఇంకా ఉంది.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఈ భవనం మేడ మీద బల్ల వేస్తున్నాం. ఆడవారు కూడా రావాలి; ఇన్నేళ్లు మేము పిలవకపోవడం మా లోపం. ఆట మొదటినుంచీ నేర్పుతాను. ఒక్కటే షరతు: ఒక ఆట ముగిశాక, తరువాతి ముక్కలు పంచడం పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. నేను మాట్లాడితే నన్ను లేపేయండి.