ఆ కాగితం పిల్లకు తెలుగులో చదివి వినిపించండి

అస్సలాము అలైకుం. అందరికీ నమస్కారం. వేదిక మీదున్న ఖాజీ సాబ్‌కి, షాదీఖానా కమిటీ పెద్దలకి, ఎండలో పల్లెల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకి సలాం. వెనక నిలబడ్డ పిల్లలూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ మాటలు మీకోసమే.

నన్ను ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు గురించి చెప్పడానికి పెద్దగా ఏం మిగల్లేదు. మన పిల్లలు చదివేశారు. 2007లో బీసీ-ఈ కింద వెనకబడిన ముస్లింలకు నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చాక నర్సింగ్, బీఈడీ, ఇంజనీరింగ్ సీట్లలో మన ఆడపిల్లలు కూర్చున్నారు. నేను చూసింది అక్కడి తర్వాత, పెళ్లి దగ్గర జరిగేది. మగపిల్లాడు ఎనిమిదో తరగతిలోనే మానేసి మెకానిక్ షెడ్డుకో వెల్డింగ్ షాపుకో వెళ్తున్నాడు. 2022 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ సర్కారు ముస్లిం ఆడపిల్లల పెళ్లికి లక్ష రూపాయలిచ్చే షాదీ తోఫా పథకం పెట్టినప్పుడు వధూవరులిద్దరూ టెన్త్ పాసై ఉండాలన్నారు. ఆ లక్ష రూపాయల కోసం సర్టిఫికెట్లు వెతికితే, మా వీధిలో పిల్లవి దొరికాయి, పిల్లాడివి దొరకలేదు.

సరే, చదువుకున్న పిల్లాడున్నాడు, ఉద్యోగం ఉంది. ఆ ఇంటివాళ్లు ఏమంటారు? "మాకేం వద్దండీ, మీ పిల్లకి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం." ఈ మాట వినని ఆడపిల్ల తండ్రి ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? ఆ "మీ ఇష్టం"లో బీరువా, డబుల్ కాట్, బండి, పెళ్లికొడుక్కిచ్చే నగదు, అదే జోడే కీ రఖం, అన్నీ ఉంటాయి. మెహర్ వేలల్లో రాస్తారు, జహేజ్, అంటే కట్నం, లక్షల్లో లెక్కపెడతారు. మెహర్ మగవాడు పెళ్లికూతురికి ఇవ్వాల్సింది. సంతోషంగా ఇవ్వమని ఖురాన్‌లో సూరా నిసా నాలుగో ఆయత్ చెబుతోంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కూడా మెహర్‌ని కట్నం కింద లెక్కించలేదు. అల్లా చెప్పింది, సర్కారు ఒప్పుకుంది. వాట్సాప్ గ్రూపుల్లో బయోడేటాలు పంపుకునే మనమే వినలేదు. "తెల్లగా, పొడుగ్గా, ఇంటిపట్టున ఉండే పిల్ల కావాలి." అదే బయోడేటాలో కింద, "చదువుకున్న పిల్లకు ప్రాధాన్యం." చదవాలట, ఆ చదువుతో ఏమీ చేయకూడదట!

ఇక మా నూర్బాషాల, అదే దూదేకులవాళ్ల, గురించి చెప్పాలి. మా ఇళ్లలో తెలుగే మాట్లాడతాం. ఉర్దూ రాదని, దూదేకులవాళ్లని మంచి సంబంధాలు గుమ్మందాకా వచ్చి తిరిగిపోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నా. మసీదులో ఒకే సఫ్‌లో, ఒకే వరసలో, భుజం ఆనించి నిలబడతాం కదా, సంబంధం దగ్గర ఎక్కడి నుంచి వచ్చింది ఈ తేడా? దీని మీద ఎంతైనా మాట్లాడొచ్చు గానీ, ఇవాళ నేను చెప్పి తీరాల్సింది ఇంకొకటుంది.

నా దగ్గర చదివిన పిల్ల ఒకతి స్టాఫ్ నర్సు. ఏసీ మెకానిక్ సంబంధం కుదిరింది. నికాకి ముందు నా దగ్గరికొచ్చి, "మేడమ్, పెళ్లయ్యాక డ్యూటీ మానేయమంటే ఏం చెయ్యాలి? ఎక్కడైనా రాయించుకోవచ్చా?" అంది. నికానామాలో, అంటే పెళ్లి ఒప్పందం కాగితంలో, షరతులు రాయించుకోవచ్చమ్మా, అన్నాను. వాళ్ల నాన్న హడలిపోయాడు, "సంబంధం చెడిపోతుంది టీచరమ్మా" అని.

నికా రోజు ఆడవాళ్ల గదిలో దాని పక్కనే ఉన్నా. పిల్ల తరఫున ఒప్పుకోలు తీసుకునే వకీల్‌గా వాళ్ల మేనమామ, వెనక ఇద్దరు సాక్షులు వచ్చారు. మెహర్ ఎంతో చెప్పి, ఖుబూలా అని అడిగి, సంతకానికి కాగితం ముందు పెట్టారు. కాగితమంతా ఉర్దూ. పిల్ల పెన్ను పట్టుకుని, "మామయ్యా, ఇందులో ఏముందో చదువు" అంది. ఆయనకీ ఉర్దూ రాదు. సాక్షుల్లో ఒకాయన తలపాగా సర్దుకున్నాడు. పిల్లాడి తల్లి, "చదివిన పిల్లని తెచ్చుకుంటే ఇట్లాగే ఉంటుంది" అని గట్టిగానే అంది. బయట డేగిసాల మూతలు తియ్యకుండా ఆపేశారు.

విషయం మగవాళ్ల వైపుకి వెళ్లింది. పెద్దలు గొణుగుతుంటే ఆ పిల్లాడు, "ఉద్యోగం చేస్తుందని రాయండి, నైట్ డ్యూటీకి నేనే దింపుతాను" అని కబురు పంపాడు. రెండు లైన్లు రాశారు. అది సంతకం పెట్టింది. ఇప్పటికీ డ్యూటీకి వెళ్తోంది.

అమ్మలారా, వినండి. పిల్ల ఇష్టం లేకుండా నికాయే లేదు మన దీన్‌లో. హజ్రత్ ఖదీజా బీబీ తానే ముందుగా ముహమ్మద్ పైగంబర్‌కి సంబంధం అడిగించారు. ఆవిడ పేరు మన పిల్లలకు పెట్టుకుంటాం. ఆ పిల్లే "నాకు ఫలానా అబ్బాయి నచ్చాడు" అంటే నోరు మూయిస్తాం. హాలు బుక్ చేసి, కార్డులు పంచి, వంటలు పొయ్యెక్కాక అడిగే ప్రశ్నకు ఏ పిల్ల కాదంటుంది? ఎవరిని కాదంటుంది, బయట కూర్చున్న అయిదొందల మందినా? ముందే అడగండి. పిల్లనీ పిల్లాడినీ పెద్దల ముందే కూర్చోబెట్టి, ఉద్యోగం, కాపురం ఎక్కడ, ఎవరెవరితో ఉండాలి, అన్నీ మాట్లాడుకోనివ్వండి. విడాకులైన పిల్లలకు, భర్త పోయినవాళ్లకు కూడా ఇదే. పిల్లలకు తండ్రి కావాలని వాళ్లకి ముసలివాళ్ల సంబంధాలు తేవద్దు, దండం పెడతా.

ఖాజీ సాబ్, మీరిక్కడే ఉన్నారు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నా. నికానామాకి తెలుగు ప్రతి ఒకటి వేయించండి, షరతులకి చోటు వదిలి. దాన్ని నికాకి వారం ముందే పిల్ల ఇంటికి పంపండి. తెలుగు నేను రాసిస్తాను, అచ్చు ఖర్చు కమిటీ భరిస్తుందా లేదా, సెక్రెటరీ గారు ఇప్పుడే చెప్పాలి. ఈ నెలాఖరుకి ఈ హాల్లోనే మూడు నికాలున్నాయని బోర్డు మీద చూశాను.