ఎనిమిది పైసల లెక్క

(డిగ్రీ కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ దినోత్సవ సభలో ఒక విశ్రాంత గ్రంథపాలకుడి ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, ప్రోగ్రామ్ ఆఫీసర్ మేడమ్ గారికి, అధ్యాపకులకు, పిల్లలందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లు ఇప్పటికే ఇద్దరు చదివారు, నేను మళ్లీ చదవను. శాలువా కప్పుతామన్నారు, వద్దన్నాను. ఈ ఉక్కలో శాలువా కప్పించుకుంటే మాట్లాడే మాట కూడా చెమటలో కొట్టుకుపోతుంది.

నాకిచ్చిన అంశం ‘సమాజ సేవలో యువత పాత్ర’. నా ముందు మాట్లాడినవాళ్లు దాని గురించి బాగానే చెప్పారు. ఎన్‌ఎస్‌ఎస్, అంటే జాతీయ సేవా పథకం, 1969లో ఇదే రోజున, సెప్టెంబర్ 24న, గాంధీ గారి శతజయంతి ఏడాదిలో మొదలైందని చెప్పారు. అప్పుడు 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. మీరు రెండేళ్లలో 240 గంటలు పని చేయాలి, ఏడు రోజుల క్యాంపుకు వెళ్లాలి, సర్టిఫికెట్ వస్తుంది. అవన్నీ మీకు తెలుసు. చీపుళ్లు పట్టుకుని ఫొటో దిగడం కూడా తెలుసు. ఒక్క చీపురుకి పదిమంది! నేను తప్పు పట్టడం లేదు, ఊడ్చిన చోటు శుభ్రంగానే ఉంది. కానీ ఆ చెత్త అక్కడికి రోజూ ఎందుకొస్తోంది, ఎత్తాల్సిన బండి ఎందుకు రావడం లేదు, ఆ బండి డీజిల్‌కి డబ్బు ఎవరి ఖాతాలో ఉంది? ఇవి అడిగిన విద్యార్థులు నాకు చాలా అరుదుగా కనిపించారు. అలా కనిపించినవాళ్ల గురించే ఇవాళ చెప్తాను.

ముందు ఒక చిన్న లెక్క. మీ ఇంటికి మున్సిపాలిటీ నుంచి పన్ను కాగితం వస్తుంది కదా, ఆరు నెలలకోసారి. దాన్ని పూర్తిగా చదివినవాళ్లు చేతులెత్తండి. ఊ… ఇద్దరు. ఆ ఇద్దరికీ సంతోషం. మిగతావాళ్లు ఇంటికెళ్లి చదవండి. అందులో ఆస్తి పన్ను కింద ‘గ్రంథాలయ పన్ను’ అని ఒక గడి ఉంటుంది. కొన్నిచోట్ల లైబ్రరీ సెస్ అని ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద అది వసూలవుతుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. మీ ఇంటి పన్ను వెయ్యి రూపాయలైతే 80 రూపాయలు. గుర్తుండకపోతే మీ గుండెల మీదున్న బ్యాడ్జి చూసుకోండి, కోణార్క్ రథచక్రం. దానికి 8 ఆకులు. ఆకుకో పైసా.

ఆ డబ్బు మున్సిపాలిటీది కాదు. పంచాయతీదీ కాదు. వాళ్లు వసూలు చేసి పెట్టేవాళ్లు మాత్రమే. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అక్కడి నుంచి పుస్తకాలు, పేపర్లు, కుర్చీలు, అద్దెలు. అక్కడ జమ కాకపోతే? లైబ్రరీలో ఫ్యాను తిరగదు. అంతే కథ. నా ఉద్యోగమంతా ఆ తిరగని ఫ్యాను కిందే గడిచింది.

“ఈ రోజుల్లో లైబ్రరీకి ఎవరొస్తారు మాస్టారూ, అంతా ఫోన్లోనే కదా” అంటారు కొందరు పెద్దమనుషులు. రేపు పొద్దున ఒకసారి వచ్చి చూడండి. తలుపులు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉంటారు. గ్రూప్స్ వాళ్లు, కానిస్టేబుల్ వాళ్లు, డీఎస్సీ వాళ్లు. టిఫిన్ బాక్స్, నీళ్ల సీసా, కొందరైతే కూర్చోవడానికి ఇంటి నుంచి దిండు కూడా. కుర్చీ కోసం పోటీ, పుస్తకం కోసం పోటీ. వాళ్లు చదివేదేమిటో తెలుసా? పాలిటీ. పంచాయతీల గురించిన 73వ రాజ్యాంగ సవరణ, అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24, గ్రామసభ గురించి చెప్పే ఆర్టికల్ 243ఏ. అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తారు. “మీ ఊరి గ్రామసభకు ఎప్పుడైనా వెళ్లావా బాబూ” అంటే నవ్వుతారు. పద్దెనిమిదేళ్లు నిండి ఊరి ఓటర్ల జాబితాలో పేరుంటే నువ్వే గ్రామసభ సభ్యుడివి. ఎవరూ పిలవక్కర్లేదు. పరీక్షలో రెండు మార్కుల కోసం చదివినదాన్ని ఊళ్లో ఒక్కసారి కూడా వాడుకోవా?

సరే, అసలు సంగతికొస్తాను. 

కొన్నేళ్ల కిందట మీ కాలేజీలాంటి కాలేజీ నుంచే ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు మా లైబ్రరీ శుభ్రం చేయడానికి వచ్చారు. బీరువాలు దులిపారు, పుస్తకాలు ఎండలో పెట్టారు. అందులో ఒకమ్మాయి, బీకాం రెండో ఏడాది, కొత్త పుస్తకాల రిజిస్టర్ తిరగేస్తూ, “సార్, ఈ ఏడాది పేజీ రాయడం మర్చిపోయారా?” అంది. మర్చిపోలేదమ్మా, పుస్తకాలే రాలేదన్నాను. ఎందుకు రాలేదు? డబ్బు లేదు. ఎందుకు లేదు? సెస్ జమ కాలేదు. సెస్ అంటే? చెప్పాను. మర్నాడు వాళ్లింటి పన్ను రసీదు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. “మేం కట్టేశాం సార్. మీకెందుకు రాలేదు?”

అన్నేళ్ల ఉద్యోగంలో ఆ ప్రశ్న నన్నడిగింది ఆ అమ్మాయొక్కతే. నేను ఉద్యోగిని, పైవాళ్ల మీద అర్జీ పెట్టలేను. పెట్టానంటే మర్నాడు బదిలీ. మా లైబ్రరీకి రోజూ పేపరు చదవడానికొచ్చే ఒక పెద్దాయన ఉండేవారు, కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైనాయన. ఆ అమ్మాయి సమాచార హక్కు దరఖాస్తు రాసుకొచ్చింది, రెండు పేజీలు. గ్రంథాలయాల గొప్పతనం, యువత భవిష్యత్తు, అన్నీ ఉన్నాయి. పెద్దాయన చదివి, “ఇది వ్యాసరచన పోటీకి పంపించు తల్లీ” అన్నారు. చివరికి మూడు ప్రశ్నలు మిగిలాయి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆస్తి పన్నుతో కలిపి వసూలైన గ్రంథాలయ సెస్, ఏడాదివారీగా ఎంత? అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన ఎంత జమ చేశారు? ఇంకా జమ చేయాల్సింది ఎంత?

గమనించండి, ‘ఎందుకు జమ చేయలేదు’ అనేది ఇందులో లేదు. ఆ చట్టం కింద రికార్డులో ఉన్నదే ఇస్తారు, కారణాలు, సంజాయిషీలు ఇవ్వరు. ‘ఎందుకు’ అని ఒక్క మాట పడితే దాన్ని పట్టుకుని మొత్తం తిప్పి పంపేస్తారు. అంకెలు అడగండి. తేదీలు అడగండి. మీకు అదెందుకని వాళ్లు అడగకూడదు, మీరు చెప్పక్కర్లేదు. అది కూడా చట్టంలోనే ఉంది.

దరఖాస్తు మున్సిపల్ ఆఫీసుకి తీసుకెళ్తే కౌంటర్లో గుమాస్తా తీసుకోలేదు. “చదువుకునే పిల్లలు, మీకెందుకమ్మా ఇవన్నీ” అన్నాడు. పోస్టాఫీసుకెళ్లి రిజిస్టర్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి పంపింది. నాలుగు రోజులకి వాళ్ల నాన్నకి ఫోనొచ్చింది. ఆయనకి బజారులో చిన్న కొట్టు. ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ ఆ ఆఫీసులోనే ఉంది. ఎవరూ బెదిరించలేదట. “మీ అమ్మాయి బాగా చదువుతోందంట కదండీ” అన్నారట. ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. 

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. నేను మీ దగ్గరికి ఎందుకొచ్చానో ఇక్కడే ఉంది. ఈ ఊళ్లో ప్రతి ఒక్కరి కాగితం ఏదో ఒక ఆఫీసులో ఇరుక్కుని ఉంది. కొట్టువాడికి లైసెన్సు, ఇల్లు కట్టేవాడికి ప్లాను, కాంట్రాక్టరుకి బిల్లు, నాలాంటివాడికి పెన్షను. వాళ్లు పిరికివాళ్లు కారు, వాళ్ల పని అక్కడ ఉంది. ఏ ఆఫీసులోనూ ఏ ఫైలూ లేని మనిషి ఊరు మొత్తం మీద ఎవరయ్యా అంటే కాలేజీ విద్యార్థి. అదీ హాస్టల్ విద్యార్థి. ఆ అమ్మాయి స్నేహితురాలు సరిగ్గా ఆ సంగతే పట్టుకుంది. పక్క జిల్లా నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల. “మా నాన్నకి ఈ ఊళ్లో ఏమీ లేదు, నా పేరుతో వేద్దాం” అంది. ఆమెతో పాటు ఇంకో ఐదుగురు, అవే మూడు ప్రశ్నలు, విడివిడిగా. ఆరుగురి నాన్నలకి ఫోన్లు చేయాలంటే ఎవరికైనా విసుగే కదా.

ముప్పై రోజులు గడిచాయి, జవాబు లేదు. మొదటి అప్పీలు వేశారు, దానికి ఫీజు కూడా లేదు. అప్పుడొచ్చింది ఒక్క కాగితం. వసూలు గడిలో అంకెలు నిండుగా ఉన్నాయి. జమ గడిలో రెండేళ్లకు సున్నా. ఆ కాగితం జిరాక్సులు తీసి కౌన్సిలర్లందరికీ ఇచ్చారు. ఒక్కరు, ఒకే ఒక్కరు, కౌన్సిల్ సమావేశంలో అడిగారు. పేపర్లో జిల్లా పేజీలో చిన్న ముక్క వచ్చింది. మార్చి నెలాఖరుకి కొంత జమైంది. దాంతో మాకు ఫ్యాన్లు, కుర్చీలు, పోటీ పరీక్షల పుస్తకాలు వచ్చాయి.

చప్పట్లు వద్దు, కథ అవలేదు. కొంత అన్నాను. మిగతా బకాయి అలాగే ఉంది, దాని మీద కొత్త బకాయి చేరింది. ఎందుకు? ఆ బ్యాచ్ డిగ్రీ అయిపోయి వెళ్లిపోయింది. తర్వాత ఏడాది పిల్లలొచ్చారు, మళ్లీ బీరువాలు దులిపారు, వెళ్లారు. ఎవరికీ ఏమీ తెలియదు. ఆఫీసు వాళ్లకి తెలిసినదొక్కటే, విద్యార్థులు మూడేళ్లకి వెళ్లిపోతారు. ఓపిక పడితే చాలు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. మేడమ్ గారూ, మిమ్మల్ని కాదు. నూటపాతికేళ్ల కిందట గ్రంథాలయాలు పెట్టినవాళ్లు తరవాత ఏమవుతుందో ఆలోచించారు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టారు. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటేనే అనుమతి కావాల్సిన రోజులు కూడా చూసింది అది. ఇప్పటికీ ఉంది. విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు పాతికేళ్లయినా నిండకముందే గ్రంథాలయాల వాళ్లందరినీ ఒకచోటికి చేర్చారు. 1914 ఏప్రిల్ 10న రామమోహన గ్రంథాలయంలో సభ, రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. ఆ సభ నుంచి సంఘం పుట్టింది, పత్రిక వచ్చింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. రోడ్డు లేకపోతే నీళ్ల మీద! ఇళ్లిళ్లూ తిరిగి చందాలు అడిగి నడిపినవి అవన్నీ. చందాల మీద ఎల్లకాలం నడవదనే చట్టం కావాలన్నారు. మద్రాసు చట్టం 1948లో, హైదరాబాదు చట్టం 1955లో, రెండింటి బదులు 1960లో మన చట్టం. ఆ 8 పైసలు ఎవరో దానం చేస్తున్నవి కావు. 

గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరు విన్నారా? గ్రంథాలయోద్యమంలో పెద్ద పేరు. 1907లో ఆయన రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ విద్యార్థి. స్వాతంత్ర్యోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ గారు వచ్చి ఉపన్యాసాలిచ్చారు, విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసుకి వెళ్లారు. ఆయన్ని కాలేజీ నుంచి తీసేశారు. మరుసటి ఏడాది పత్రికలో రాసినందుకు జైలు. జైలు నుంచి వచ్చాక ఆయన జీవితంలో చాలా భాగం పెట్టింది గ్రంథాలయాలకి, వయోజన విద్యకి. ఒక బ్యాడ్జికి ఆయన కట్టిన ధర చదువు. మీ బ్యాడ్జికి ఎవరూ ఏమీ అడగడం లేదు. సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయలు. తెల్లకార్డు ఉంటే అదీ లేదు.

ఓటు గురించి ఒక్క మాట, మేడమ్ గారు చెప్పమన్నారు. ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది 61వ సవరణతో, 1989 మార్చిలో అమలు. ఇప్పుడు పదిహేడు నిండగానే ఓటరు నమోదుకి ఫారం 6 ముందే ఇచ్చేయొచ్చు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్, ఈ నాలుగు నెలల ఒకటో తేదీల్లో దేనికి పద్దెనిమిది నిండితే అప్పుడు పేరెక్కుతుంది. ఇవ్వండి. అంతకన్నా దాని మీద ఉపన్యాసం అనవసరం. ఓటు ఐదేళ్లకోసారి, పన్ను కాగితం ఆరు నెలలకోసారి.

ఇక నేను అడిగేది ఇదీ. ఎన్‌ఎస్‌ఎస్ గదిలో ఒక రిజిస్టర్ పెట్టండి. నేనే కొనుక్కొచ్చాను, మేడమ్ గారి దగ్గరుంది. పాత బ్యాచ్ అడిగిన మూడు ప్రశ్నలు, వచ్చిన జవాబు అందులో అంటించాను. ఏప్రిల్లో వెళ్లిపోయే థర్డియర్ వాళ్లు సెకండియర్ వాళ్లకి సంతకం పెట్టి అప్పగించాలి. ఆఫీసరు బదిలీ అయితే చార్జి అప్పగించడా? అలాగే. లైబ్రరీ సెస్ ఒక్కటే కాదు, మీ వీధి కుళాయి, మీ బస్టాండు మరుగుదొడ్డి, ఏదైనా సరే, ఏడాదికి ఒక్క విషయం పట్టుకోండి. పది విషయాలు పట్టుకోవద్దు. పల్లెల నుంచి వచ్చేవాళ్లు మీ పంచాయతీలో ఇదే సెస్ అడగండి, మన రాష్ట్రంలో గ్రామస్థాయి దరఖాస్తుకి ఫీజే లేదు.

ఆదివారం పొద్దున నేను లైబ్రరీ దగ్గరే ఉంటాను. ఇంటి పన్ను కాగితం జిరాక్సు తెచ్చుకోండి. ఫస్టియర్ వాళ్లు ముందు రండి, మీ చేతిలో ఇంకా ఎక్కువ కాలం ఉంది. హాస్టల్ వాళ్లు తప్పకుండా రండి, ఎందుకో చెప్పాను కదా. ఇంట్లో టెన్షన్ పడతారనుకుంటే దరఖాస్తు మీద మీ పేరు వద్దు, రిజిస్టర్ రాసే పని తీసుకోండి. అది కూడా ఎవరో ఒకరు చేయాల్సిందే. భోజనాలకి ఇంకా పావుగంట ఉందంటున్నారు, ప్రశ్నలుంటే అడగండి.